అమ్మ వెన్ను నేర్పిన పాఠం



నాట్లేసీ నాట్లేసీ అమ్మకు నడుంనొప్పి వచ్చిందనుకున్నాం. సాయంత్రమైతే జ్వరం, రాత్రిళ్లు చెమటలు. స్కానింగులో వెన్నుపూస దగ్గర చీము కనబడింది. ఒక డాక్టరు "రేపే ఆపరేషన్" అన్నాడు. ఇంకొకాయన "మాత్రలు చాలు" అన్నాడు. ఉన్న అరెకరం అమ్ముదామని తమ్ముడు ఏడ్చాడు.

పదిమందికి పాఠం చెప్పే నేనే నోరెత్తడానికి జంకాను. చివరికి అడిగాను: "ఇది ఏ క్రిమి సార్?" అప్పుడు సూదితో చీము తీసి పరీక్ష చేశారు. టీబీ! కాళ్లలో బలముంది కాబట్టి మాత్రలతోనే మొదలుపెట్టారు. వెన్ను టీబీకి కనీసం 12 నెలలు వాడాలి. మందులు సర్కారువే, ఉచితం. 2024 నవంబరు నుంచి తిండికి నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తున్నారు. అయిదో నెలలో నొప్పి తగ్గిందని అమ్మ మానేస్తానంది. మేం మాననియ్యలేదు.

కాళ్లు చచ్చుబడితే, మూత్రం బిగిస్తే మాత్రం అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. అప్పుడు ఆపరేషన్ తప్పకపోవచ్చు.

కాగితాలు దాచుకోండి. జంకకుండా అడగండి. ఒళ్లు మనది, అడిగే హక్కూ మనదే!