రెండు జెండాల ఓడ



ఉగాది నాడు ఓడ కథ యేమిటని తమరు అనుకొనవచ్చును. ఇది రెండు దేశముల మధ్య బ్రతికిన ఓడ కథ గనుక మనవి చేయుచున్నాము.

ఫ్రాన్సు దేశమున జాక్ నోయెల్ సానే అను నిపుణుడు 74 ఫిరంగుల తెరచాప యుద్ధనౌకకు నమూనా గీచెను. పొడవు సుమారు 56 మీటర్లు. క్రింది అంతస్తున 28 పెద్ద ఫిరంగులు, దానిపై 30, ఆ పైన 16 చిన్నవి. బరువైనవి అడుగున ఉండుటచే ఓడ నిలుకడగా సాగెడిది. ఈ యొక్క నమూనాపై నూరుకు పైగా ఓడలు కట్టిరి.

వానిలో దుగే త్రువా యొకటి. 1800లో రోష్‌ఫోర్ రేవున నీట దిగినది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ పోరున తప్పించుకొన్నది గాని, రెండు వారములకే, నవంబరు 4న, ఇంగ్లీషువారికి చిక్కినది. వారు ఇంప్లేకబుల్ అని పేరు మార్చి, తమ జెండా యెత్తి, బాల్టిక్ సముద్రమున రష్యావారిపైకి నడిపిరి. 1855 నుండి కుర్రవాండ్లకు నావికవిద్య నేర్పు బడిగా ఉంచిరి.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి కొయ్య చివికినది. మరమ్మతు ఖర్చు భరింపలేమని బ్రిటను అన్నది. ఇచ్చెదమనగా ఫ్రాన్సు వలదన్నది. 1949 డిసెంబరు 2న రెండు దేశముల జెండాలును కట్టి, ఇంగ్లీషు ఛానెల్‌లో ముంచివేసిరి. వెనుకభాగపు చెక్కడపు పని, ముందరి బొమ్మ మాత్రము నేటికిని గ్రీనిచ్ మ్యూజియములో ఉన్నవి.

ఇరువురిదైన ఓడ తుదకు ఎవరికిని కాకపోయినది. రెండు భాషల నడుమ బ్రతుకు మనకిది హెచ్చరిక. ఇంట తెలుగును చివుకనిచ్చి, పిమ్మట నాలుగు పాటలు దాచుకొన్న నేమి లాభము? మరమ్మతు నేడే మొదలిడుదము.