బరోక్ - రొకోకో

ప్రొటెస్టంటు ఉద్యమముతో చీలిన క్రైస్తవలోకమున భక్తుల హృదయములను మరల చూరగొనుటకు 17వ శతాబ్దమున కాథలిక్ మతపీఠము కళలను ఆశ్రయించినది. కన్నులను మెప్పించుటతో తృప్తి చెందక, మనస్సును కదలింపగోరిన ఆ కళయే బరోక్. రోములోని సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో బెర్నీనీ 1647-52 నడుమ మలచిన తెరేసా విగ్రహమే ఇందులకు నిదర్శనము. చాటున నున్న గవాక్షము నుండి జారు వెలుగు బంగారుపూత కిరణములపై పడును. చలువరాయి మేఘమై తేలుచున్నట్లు తోచును.

1715లో పదునాలుగవ లూయీ మరణింపగా ఫ్రెంచి ప్రభువర్గము వెర్సాయి వీడి పారిస్ భవనములకు మరలినది. అచటి చిన్న గదులకు తగినట్లు కళయు తేలికపడినది. గుల్లల వంపులు, లేత వన్నెలు, సరస వినోదములు - ఇవి రొకోకో లక్షణములు. ఫ్రాగొనార్ 1767 ప్రాంతమున చిత్రించిన 'ఉయ్యాల'లోను కాంతి కలదు, కదలిక కలదు. అయినను పారవశ్యమున్న చోట విలాసము వెలసినది. దిదెరో వంటి విమర్శకులు ఈ ధోరణిని నిరసించిరి.

వంపు అదియే. పోషకుడు మారగా దాని అర్థము మారినది.