‘మా పరిధి కాదు’ అన్నవాణ్ణి ఏమడగాలి?

(కొత్తపేటలో పల్లె కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నన్ను పోలీసు స్టేషన్ల హద్దుల గురించి మాట్లాడమన్నారు. హద్దులంటే ఏమిటో కోనసీమోళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే యానాం. మన భాషే, మన గోదారే, మన చుట్టాలే. కాని స్టేషను పుదుచ్చేరిది, హైకోర్టు మద్రాసుది. ఇక తాపీపనికీ, ఇళ్ళలో పనికీ మన పిల్లలు పోయే హైదరాబాదు 2014 జూన్ 2 నుంచీ వేరే రాష్ట్రంలో ఉంది. 1956లో కలిపిన రాష్ట్రాన్ని ఆరోజున రెండు చేశారు. పోలీసుల్ని పంచుకున్నారు. ఉమ్మడి హైకోర్టు ఇంకో నాలుగున్నరేళ్ళు నడిచింది. 2019 జనవరి 1 నుంచి అదీ రెండయ్యింది. పంపకాల్లో ఎవరి వాటా ఎంతని పెద్దోళ్ళు చాలా కొట్లాడుకున్నారు. మన ఫిర్యాదు ఎవరి వాటాకొచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు.

రాజోలు దగ్గర పల్లె నుంచి ఒక పిల్ల హైదరాబాదులో ఓ పెద్దింట్లో పనికి కుదిరిందనుకోండి. జీతం అడిగితే వీధిలో పదిమంది ముందు కులం పేరెత్తి తిట్టి, కొట్టి, గెంటేశారు. పిల్ల బస్సెక్కి ఇంటికొచ్చేసింది. తల్లి దాన్ని వెంటబెట్టుకుని ఇక్కడి స్టేషనుకెళితే రైటరు ఏమంటాడు? “జరిగింది అక్కడ కదమ్మా, మా పరిధి కాదు” అంటాడు. అప్పు చేసి అక్కడికెళితే “మీది ఆంధ్రా కదా, మీ ఊళ్ళో ఇచ్చుకోండి” అంటారు. అలా తిరిగేలోగా దెబ్బలు మానిపోతాయి, సాక్షులు మాట మార్చేస్తారు. కేసు పుట్టకుండానే చచ్చిపోతుంది. ఈ పందిట్లో ఇలాంటి కథ విననివాళ్ళు చెయ్యెత్తండి, చూద్దాం.

హద్దు నిజంగా అంత పెద్ద గోడేనా? 2015 ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ డ్యాం మీద నీళ్ళ కోసం రెండు రాష్ట్రాల పోలీసులు ఒకర్నొకరు తోసుకున్నారు. 2023 నవంబరు 30న మళ్ళీ అదే డ్యాం మీదికి మన పోలీసులు వందలుగా వెళ్ళారు. ప్రభుత్వానికి కావాలంటే పోలీసు హద్దుదాకా పోతాడు, దాటి కూడా పోతాడు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికించినప్పుడు కిరాయి హంతకుడు బీహారువాడు. తెలంగాణ పోలీసులు బీహారు పోయి పట్టుకొచ్చారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు వాడికి ఉరి, మరి ఆరుగురికి యావజ్జీవం వేసింది. దేశమంతా చూస్తున్న కేసు కాబట్టి హద్దు అడ్డం రాలేదు. ఎవరూ చూడని కేసులోనే అడ్డం వస్తుంది.

డబ్బున్నోడికి హద్దు ఎప్పుడూ చుట్టమే. 1930లో శారదా చట్టం అమల్లోకొచ్చి బాల్యవివాహాలు నేరమైతే, ఇక్కడి పెద్దోళ్ళు ఫ్రెంచివాళ్ళ యానాం పోయి పిల్లలకి తాళి కట్టించి వచ్చేవారు. ఆ ఊరికి కళ్యాణపురం అని పేరొచ్చింది. ఏరు దాటితే చట్టం లేదన్న ధీమా అది.

దూరదేశాల్లోనూ ఇదే తంతు. ఇంగ్లండు 2020లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. అంతవరకూ ఒక దేశం కోర్టు వారంటిస్తే ఇంకో దేశం మనిషిని పట్టి అప్పగించేది. ఆ పద్ధతి పోయింది. దొంగల పేర్లు అందరూ చూసుకునే ఉమ్మడి కంప్యూటరు జాబితా ఇంగ్లండు పోలీసుకి మూసేశారు. బదులుగా కొత్త ఒప్పందం రాసుకున్నారు. అయినా కొన్ని దేశాలు మా పౌరుల్ని మేం అప్పగించం అనేశాయి. వాళ్ళు కొత్తగా ఒప్పందం రాసుకోవాల్సొచ్చింది. మనకా అవసరం లేదు. రాష్ట్రం చీలినా రాజ్యాంగం చీలలేదు. ఒక రాష్ట్రంలోని రికార్డుల్నీ, కోర్టు తీర్పుల్నీ దేశమంతా మన్నించాలని బాబాసాహెబ్ నడిపించిన రాజ్యాంగం 261వ అధికరణంలో ఉంది. అంటే దారి ఉంది. దాన్ని మూసింది పోలీసు బద్ధకం, కులం.

ఇక చట్టం చెబుతాను, రాసుకోండి.

మొదటిది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్. నేరం ఎక్కడ జరిగినా సరే ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. వాళ్ళు రాసుకుని, జరిగిన చోటి స్టేషనుకి పంపాలి. నోటితో చెప్పినా రాయాలి, చదివి వినిపించాలి, కాపీ ఊరికే ఇవ్వాలి. పెద్ద నేరమని తెలిశాక ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళండి.

రెండోది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్. ఎఫ్.ఐ.ఆర్. కట్టకుండా కావాలని విధి తప్పిన దళితేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ చేస్తామంటే 18ఎ చూపించండి, అక్కర్లేదని ఉంది. దర్యాప్తు డిఎస్పీకి తగ్గనివాడే చెయ్యాలి. ఫిర్యాదులో ఒక జాగ్రత్త. కులం పేరుతో తిట్టిన కేసు నిలబడాలంటే నలుగురి ఎదుట తిట్టి ఉండాలి. అందుకని ఏ చోట తిట్టారో, ఎవరు విన్నారో తప్పకుండా రాయించండి.

మూడోది, కులం సర్టిఫికెట్టు. “మీది వేరే రాష్ట్రం, ఇక్కడ మీరు ఎస్సీ కాదు” అని భయపెడతారు. మాల, మాదిగ కులాలు ఆంధ్రా జాబితాలో ఉన్నాయి, తెలంగాణ జాబితాలో ఉన్నాయి, పుదుచ్చేరి జాబితాలోనూ ఉన్నాయి. వలసపోయిన చోట రిజర్వేషను రాకపోవచ్చు, అది వేరే సంగతి. వలసపోయినంత మాత్రాన ఈ చట్టం రక్షణ పోదని 2023లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది.

నాలుగోది, దారిఖర్చు. బాధితులకీ సాక్షులకీ విచారణకెళ్ళే ఖర్చులు, పోయిన కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. 15ఎ సెక్షనూ, 11వ రూలూ చెప్పేది అదే. వీడియోలో సాక్ష్యం చెప్పడానికీ కొత్త చట్టంలో వీలుంది, లాయరు చేత కోర్టుని అడిగించండి.

చట్టం ఉంటే సరిపోతుందా అంటారు. సరిపోదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. మనవాళ్ళు పోరాడి ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్ళోనే పెట్టించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైదరాబాదులో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. నెలన్నర తిరక్కుండా రాష్ట్రమే చీలింది. మన కంటికి దగ్గరగా ఉన్నంతసేపూ కేసు బతికింది. దూరం పోయేసరికి జారిపోయింది. కాబట్టి కేసు ఏ రాష్ట్రం పోతే మన చూపూ ఆ రాష్ట్రం పోవాలి.

అందుకే ప్రతి పేటలో ఒక పుస్తకం పెట్టండి. ఎవరు ఎక్కడ పనికెళ్ళారు, యజమాని చిరునామా ఏమిటి, మేస్త్రీ ఫోను నెంబరెంత అన్నీ అందులో రాయండి. ఆ పుస్తకం మీ పేట దాటి పోనివ్వొద్దు. హైదరాబాదులోనూ యానాంలోనూ మనకి తెలిసిన ఒక కార్యకర్తనీ ఒక లాయర్నీ ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. స్టేషనుకి ఒంటరిగా ఎవర్నీ పంపొద్దు, పదిమంది వెళ్ళండి. జీరో ఎఫ్.ఐ.ఆర్. కట్టించాక పని అయిపోయిందని ఇంటికి పోకండి. అది ఏ తేదీన, ఏ స్టేషనుకి పంపారో, అక్కడ ఏ నెంబరు పడిందో వారంలోపు కనుక్కోండి. కాయితం దారిలో చచ్చిపోయేది అక్కడే.

వచ్చే సమావేశానికి ఒక్కో పేట నుంచి ఒక్కో పుస్తకం రావాలి. జై భీమ్!