దూరదేశపు భోషాణము

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



"శాస్త్రవిషయము చెప్పుడు, కాని విన్నవారు ఇంటికి పోయి చేయదగిన పని అందులో ఒకటి ఉండవలెను" అని కార్యదర్శిగారు నన్ను ముందే కట్టడి చేసిరి. కావున ఆకాశమందలి నక్షత్రములను విడిచి, మీ జేబులలోను, చేతిసంచులలోను ఉన్న ఫోనును గూర్చియే నాలుగు మాటలు చెప్పెదను.

ఫోనుతో తీసిన ఫోటోలు ఫోనులోనే ఉన్నవని మనము అనుకొందుము. ఈ-మెయిలు ఉత్తరములను గూర్చియు అట్లే తలంతుము. వాస్తవమునకు వానిలో పెక్కుభాగము ఎచ్చటనో దూరముననున్న పెద్ద కంప్యూటరు శాలలలో నుండును. మన ఉత్తరములను, పత్రములను, చిత్రములను అచ్చట దాచి, మన ఫోనులోను కంప్యూటరులోను ఒకే రీతిగా కనబడునట్లు చేయుటకై కొన్ని కంపెనీలు నెలకింత యని చందా పుచ్చుకొనుచున్నవి. పూర్వము మన ఇండ్లలో భోషాణముండెడిది. పట్టాలు, జాతకములు, పెండ్లి శుభలేఖలు, బంధువులు వ్రాసిన కార్డులు అందులో నుండెడివి. తాళపుచెవి ఎవరి కొంగున ఉన్నదో ఇంటిల్లిపాదికి తెలియును. నేటి భోషాణము దూరదేశములో నున్నది. దాని తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో చెప్పగలవారు మనలో ఎందరు?

ఇతరులకంటె మనకు ఈ ప్రశ్న మఱికొంత ముఖ్యము. తరతరములుగా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో స్థిరపడిన తెలుగు కుటుంబమునకు ఇంటిలో మాటలాడు తెలుగే పెద్ద ఆస్తి. అమ్మమ్మ చెప్పిన కథను మనుమరాలు ఫోనులో పట్టి యుంచినచో, ఆ పలుకుబడి, ఆ యాస ఏ పుస్తకమునందును దొరకనివి. అట్టివి నేడు ఆ దూరపు భోషాణములో పడియున్నవి.

ఇట్టి సేవలలో అమెరికాలోని ఆపిల్ కంపెనీవారి దానిని ఉదాహరణముగా తీసికొందును. ఇచ్చటివారిలో పలువురి చేతిలోని ఫోను ఆ కంపెనీది కాకపోవచ్చును. అయినను పాతికేండ్ల చరిత్ర కలిగి, పేరు మూడుమారులు మార్చుకొని, పడిలేచిన సేవ గనుక దానిని చూచి నేర్చుకొనదగినది ఎక్కువ.

2000వ సంవత్సరము జనవరిలో అది ఐటూల్స్ అను పేర ఉచితముగా మొదలయ్యెను. 2002 జూలైలో డాట్‌మాక్ అను పేరు పెట్టి ఏటికి నూఱు డాలర్లకు అయిదు సెంట్లు తక్కువగా చందా విధించిరి. ఉచితమని చేరినవారు చందా కట్టుటయో, విడిచిపోవుటయో తేల్చుకొనవలసి వచ్చెను. 2008 జూలైలో దానినే మొబైల్‌మీ యని సంస్కరించిరి. ఏటికి 99 డాలర్లు. 20 గిగాబైట్ల చోటు. ఈ-మెయిలు, చిరునామాల పట్టిక, పంచాంగము అన్నియు ఫోనులో మార్చిన వెంటనే కంప్యూటరులోను మారునని ప్రకటన. కాని అదే వారమున క్రొత్త ఐఫోనును, దాని క్రొత్త సాఫ్ట్‌వేరును, ఆప్ స్టోరును కూడ విడుదల చేసిరి. ఒకే ముహూర్తమున నాలుగు పెండ్లిండ్లు పెట్టుకొన్న ఇల్లువలె అయ్యెను. ఉత్తరముల వినియోగదారులలో నూటికొకరికి కొన్ని దినములపాటు తమ ఉత్తరములు అందనే లేదు. చందాదారులకు మొదట 30 దినములు, పిదప మఱి 60 దినములు గడువు ఉచితముగా పొడిగించిరి. అన్నిటిని ఒకేసారి విడుదల చేయుట తప్పని స్టీవ్ జాబ్స్ తన ఉద్యోగులకు వ్రాసెను.

2011 అక్టోబరు 12వ తేదీన ఐక్లౌడ్ వచ్చెను. అందరికి 5 గిగాబైట్లు ఉచితము, అంతకు మించిన చోటు కావలసినవారికి చందా. మొబైల్‌మీని 2012 జూన్ 30వ తేదీన మూసివేసిరి. ఉత్తరములు క్రొత్త ఇంటికి వచ్చినవి. కాని జనులు అందులో పెట్టుకొన్న చిత్రశాలలకు, స్వంత వెబ్‌పుటలకు, ఐడిస్క్ అను పత్రముల అరకు క్రొత్త ఇంటిలో చోటు లేకపోయెను. గడువులోగా తమంత తాము దింపుకొన్నవారికి దక్కినవి. చందా కట్టుచున్నంత మాత్రమున సామాను శాశ్వతముగా పదిలమని ఎవరును అనుకొనరాదని దీనివలన తెలియుచున్నది.

ఇక సింక్ అను మాటను గూర్చి. దీనిని మన తల్లులలో పలువురు "నకలు తీసి దాచుట" యని అర్థము చేసికొనుచున్నారు. అది అట్టిది కాదు. సింక్ అనగా అద్దమువంటిది. ఒకచోట చేసిన మార్పు అన్నిచోట్ల కనబడును. ఒకచోట చెఱిపినది అన్నిచోట్ల చెఱుగును. ఆటకు చోటు చాలలేదని కుమారుడు తల్లి ఫోనులోని పెండ్లి ఫోటోలను తీసివేసినచో, తండ్రి కంప్యూటరులో ఉన్నవిగదా యని ధైర్యముగా ఉండుటకు వీలులేదు. ఒకే ఖాతాలో నున్నచో అచ్చటను పోవును. ఇటీవల తీసివేసినవి అను అరలో 30 దినములు ఉండును. ఆలోగా గమనించినచో తిరిగి తెచ్చుకొనవచ్చును. అద్దములోని బింబమును ఆస్తిగా లెక్కింపరాదు. ముఖ్యమైన వానికి వేఱొక డిస్కులో వేఱు ప్రతి యుండి తీరవలెను.

మఱియొక చిక్కు. ఐక్లౌడ్‌లో ఫోటోలకును, ఉత్తరములకును చోటు ఒక్కటే. వేసవి సెలవులలో తీసిన వీడియోలతో అది నిండినచో ఆ చిరునామాకు ఉత్తరములు వచ్చుట ఆగిపోవును, మనము పంపుటయు ఆగును. పాఠశాల పంపిన పరీక్షల ప్రకటన అందలేదని వచ్చు తండ్రులకు ఇది యొక కారణము కావచ్చును. ఉపాధ్యాయులను కోపించుటకు ముందు ఫోనులో ఎంత చోటు మిగిలియున్నదో చూడుడని నా ప్రార్థన.

ఇటీవలి అభివృద్ధులకు వత్తును. 2021లో చందాదారుల సేవకు ఐక్లౌడ్ ప్లస్ అని పేరు పెట్టి కొన్ని క్రొత్త సౌకర్యములు చేర్చిరి. చిరునామాను దాచు సౌకర్యము వానిలో నొకటి. ఏదో దుకాణము మన ఈ-మెయిలు అడిగినప్పుడు అసలు చిరునామాకు బదులు ఒక మాఱు చిరునామా పుట్టించి ఇయ్యవచ్చును. దానికి వచ్చిన ఉత్తరము మనకే చేరును. విసిగించినచో దానిని కొట్టివేయవచ్చును. రెండవది స్వంతపేరిటి చిరునామా. డొమైన్ కొనుక్కొన్న కుటుంబమో, చిన్న సంఘమో ఆ పేరుతోనే ఉత్తరములు నడపవచ్చును. అయిదు డొమైన్లవరకు, ఒక్కొక్క డొమైనులో మనిషికి మూడు చిరునామాలవరకు అనుమతి. అయితే డొమైను రుసుము వేఱు. అది ఏటేట కట్టనిచో పేరే పోవును. సంఘములలో కోశాధికారి మారినప్పుడెల్ల ఇట్టివి మఱచిపోవుట సహజము.

2022 అక్టోబరులో ఉమ్మడి ఫోటోల సంగ్రహము వచ్చెను. ఆరుగురివరకు ఒకే సంగ్రహములో చిత్రములు చేర్చవచ్చును. ఒక కుమారుడు బెంగుళూరులోను, ఒక కుమార్తె హైదరాబాదులోను, పెద్దలు స్వగ్రామములోను ఉన్న ఇంటికి ఇది నిజముగా పనికివచ్చునది. ఉమ్మడి కుటుంబమున వలెనే ఇందులోను ఖర్చు ఒక్కరిమీద పడును: చోటంతయు సంగ్రహమును ప్రారంభించినవారి లెక్కలో చేరును.

2022 డిసెంబరులో ప్రకటించినది నా దృష్టిలో అన్నిటికంటె పెద్ద మార్పు. అంతకుమునుపు దాచిన వస్తువులలో 14 రకములకు మాత్రమే కంపెనీ కూడ తెఱవలేని తాళముండెడిది. మనము కోరుకొన్నచో అది 23 రకములకు విస్తరించునని నాడు ప్రకటించిరి. ఫోటోలు, ఫోను మొత్తపు నకలు అందులో చేరును. ఉత్తరములు, చిరునామాలు, పంచాంగము మాత్రము చేరవు. అవి లోకములోని ఇతర కంపెనీల యంత్రములతో కలిసి పనిచేయవలసి యుండుటయే కారణము. ఈ తాళము వేసికొన్నవారు ఒకటి గుర్తుంచుకొనవలెను. సంకేతపదము మఱచి, ఫోనును పోగొట్టుకొని, కంపెనీవారిని బ్రతిమాలినను లాభములేదు. వారియొద్ద తాళపుచెవి లేదు. నమ్మకమైన ఒకరిని సహాయకునిగా నమోదు చేయుటయో, 28 అక్షరముల పునరుద్ధరణ సంకేతమును కాగితముపై వ్రాసి దాచుటయో ముందే చేయవలెను. 2025 ఫిబ్రవరిలో బ్రిటనునందు క్రొత్తవారికి ఈ తాళమును ఇచ్చుట కంపెనీ ఆపివేసెను. తాళపుచెవి విషయములో ప్రభుత్వములకు కూడ ఆసక్తి కలదని శ్రోతలు గ్రహింపగలరు.

ప్రసంగవశమున ఒక మాట. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరము ఈ ఐఫోనులను హడలగొట్టెను. ఆ అక్షరము ఒక విధమైన కూర్పుతో సందేశములో వచ్చినచో, దానిని చూపలేక ఫోనులోని ప్రోగ్రాములు కుప్పకూలినవి. లోకమంతట కొంటెవారు తెలుగు రాకున్నను "జ్ఞా"ను పంపుకొనిరి. ఆ నెల 19వ తేదీన 11.2.6 అను సవరణతో అది నయమయ్యెను. జ్ఞానమును మోయుట యంత్రములకు సులభము కాదని నవ్వుకొంటిమి గాని, కంపెనీ పంపు సవరణలను వాయిదా వేయక వేసికొనవలెనను సంగతి అప్పుడు పలువురికి తెలిసెను.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన దానికి వచ్చితిని. ఇంటి యజమాని కాలధర్మము చెందినచో ఈ భోషాణము ఏమగును? అమంగళమని తల్లులు నొచ్చుకొనకుందురు గాక. బీమా పత్రము వ్రాసినప్పుడు ఈ మాట మాటలాడియే యుంటిమి. 2021 డిసెంబరునుండి ఆపిల్ ఖాతాలో వారసులను పేర్కొను ఏర్పాటున్నది. భార్యనో, కుమార్తెనో, ఒకరికంటె ఎక్కువమందినో నమోదు చేయవచ్చును. వారికొక ప్రవేశ సంకేతము వచ్చును; దానిని అచ్చువేసి ఇయ్యవచ్చును. సమయము వచ్చినప్పుడు ఆ సంకేతమును, మరణ ధ్రువపత్రమును చూపినచో ఫోటోలు, ఉత్తరములు, పత్రములు వారికి తెఱచి యిత్తురు. దాచిన సంకేతపదములను, కొన్న పాటలను, సినిమాలను మాత్రము ఇయ్యరు. గడువు మూడేండ్లు, మొదటి విన్నపము అంగీకరింపబడిన నాటినుండి లెక్క. పిదప ఆ ఖాతా శాశ్వతముగా చెఱిగిపోవును. ఈ ఏర్పాటు చేయనిచో వారసులు న్యాయస్థానపు ఉత్తర్వు తేవలసి రావచ్చును. తండ్రి తీసిన ఫోటోల కొఱకు కోర్టు మెట్లెక్కుట ఏ పిల్లలకును వలదు.

ఆండ్రాయిడ్ ఫోను కలవారికి గూగుల్ ఖాతాలో ఇట్టి ఏర్పాటు 2013 నుండియే కలదు. ఎన్ని నెలలు ఖాతాను ముట్టనిచో ఎవరికి తెలియజేయవలెనో, ఏమి అందజేయవలెనో ముందుగా వ్రాసియుంచవచ్చును. అచ్చట ఉచితపు చోటు 15 గిగాబైట్లు. 2021 జూన్ 1వ తేదీనుండి క్రొత్త ఫోటోలు కూడ ఆ లెక్కలోనే చేరుచున్నవి. రెండేండ్లు ముట్టని వ్యక్తిగత ఖాతాలను తొలగింతుమని 2023లో ప్రకటించి, ఆ డిసెంబరునుండి తొలగింపు మొదలుపెట్టిరి. ఊరిలోని తాతగారి పేర తెఱచి మఱచిన ఖాతాలో పాత ఫోటోలున్నచో, నేటి రాత్రియే ఒకమారు అందులో ప్రవేశించుట మేలు.

చందా కట్టవలెనా, వలదా యని కొందఱు అడుగుదురు. ఉచితపు చోటులో ఇముడువారికి అక్కఱలేదు. వంటింటి ఫోటోలు, పండుగ శుభాకాంక్షల బొమ్మలు ఏరివేసినచో చాలామంది ఇమిడెదరు. ఇమడనివారు కుటుంబమంతకు ఒకే చందా కట్టి పంచుకొనుట పొదుపు. ఆపిల్ చందాను మఱి అయిదుగురితో పంచుకొనవచ్చును, ఒకరి ఫోటోలు ఒకరికి కనబడవు.

ఈ రాత్రి చేయదగిన పని ఇది. సెట్టింగులలో మీ పేరుమీద నొక్కి వారసుని నమోదు చేయుడు. ఆ సంకేతపు కాగితమును రేషను కార్డు, బీమా పత్రము ఉన్నచోటనే పెట్టి, అది ఎచ్చట నున్నదో ఇంటిలో ఇద్దరికి చెప్పుడు. చేయుట తెలియనివారికి పై తరగతుల విద్యార్థులు సభానంతరము వరండాలో సహాయపడుటకు సిద్ధముగా నున్నారు.