ఉప్పుపిండి ఎవరి కోసం?

ఈ సదస్సు ఎంచుకున్న విషయం స్వీయవ్యాసం. అందులోనూ ఇంట్లో అందరికీ తెలిసి, అందరినీ నడిపిస్తూ, ఎవరి నోటా పైకి రాని సంగతిని రాయడమెలా అన్నది. దీన్ని ఊరికే సిద్ధాంతంగా మాట్లాడుకునే కన్నా ఒక్క ఉదాహరణ పట్టుకుని చూడడం మేలు. రెండు మూడు తరాల కిందటి వరకూ తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో చాలా ఇళ్లలో ఒక బాలవితంతువు ఉండేది. మేనత్తో, పెద్దమ్మో, తాతగారి చెల్లెలో. మారుమనువు ఆచారంగా ఉన్న కులాల ఇళ్లలో మౌనాలు వేరు. వాటికి వేరే ఉపన్యాసాలు కావాలి.

ఆవిడ మీద పత్రికల్లో వ్యాసాలకు కొదవ లేదు. చాలావరకు వంటింట్లోనే మొదలవుతాయి. మడి, ఆవకాయ, సాయంత్రమయ్యేసరికి ఉప్పుపిండి. పోపు వేసి, ఎసట్లో పెసరపప్పు, మరిగాక బియ్యపురవ్వ పోసి, సన్నసెగ మీద మగ్గనిస్తే గిన్నె అడుగున ఎర్రగా మాడు కడుతుంది. దాని కోసం పిల్లలు పోట్లాడుకునేవారు. ఆ పిల్లల్లో ఒకరు పెద్దయ్యాక రచయిత అవుతారు. అరవయ్యో ఏట ఆ రుచి తలుచుకుని రాస్తే చదివేవాళ్లకు నోరూరుతుంది.

వైధవ్యం పేరుతో ఆవిడకు రాత్రి అన్నం నిషేధించారు కాబట్టే ఆ వంట ఉండేదన్న వాక్యం మాత్రం అందులో చాలాసార్లు కనపడదు.

ఆ వాక్యం వేస్తే వ్యాసం దారి మారిపోతుంది. ఆవిడ పుట్టింట్లోనే ఎందుకు ఉండిపోయింది? అత్తింటివారు మనోవర్తి ఇచ్చారా? ఆ ఇంట్లో ఎందరి పురుళ్లు పోసింది, ఎందరు పిల్లల్ని పెంచింది, జీతమంటూ ఎవరైనా అనుకున్నారా? ఇక్కడ చట్టాల తారీఖులు కూడా ఇంటి కథలో భాగమే. 1856 నాటి పునర్వివాహ చట్టం మళ్లీ పెళ్లికి ఒప్పుకుంది, కానీ పెళ్లాడితే మొదటి భర్త ఆస్తిపై హక్కు పోతుందంది. 1937 చట్టం భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది, అదీ బతికున్నన్నాళ్లు అనుభవించడానికే. ఆ ఆస్తి పూర్తిగా ఆవిడదయ్యింది 1956 హిందూ వారసత్వ చట్టంతో. పాత దస్తావేజుల పెట్టె తీసి ఈ మూడు సంవత్సరాలను పక్కన పెట్టుకుని చదివితే, ఇంట్లో ఆవిడ మీద చూపిన ప్రేమలో ఎంత పాలు ప్రేమో, ఎంత పాలు పొలం చేజారకుండా చూసుకోవడమో కొన్ని ఇళ్లలోనైనా తేలుతుంది. ఆ మౌనం వల్ల లాభపడినవాళ్లు ఉన్నారు. వ్యాసం రాసే మనవడు కూడా వారిలో ఒకడు కావచ్చు. స్వీయవ్యాసం చేరుకోవలసిన చోటు అదే.

ఇంట్లో పైకి రాని ఈ సంగతిని బయట బిగ్గరగా అన్నవాళ్లు లేకపోలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. దానికి వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. గోదావరి నుంచి నీళ్లు మోసి, వంట చేసి పెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మి. సంఘం తన కోపాన్ని చూపించిందీ వంటింటి మీదే.

పక్క భాషలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. నాటకకర్త గిరీష్ కర్నాడ్ కన్నడంలో 2011లో వెలువరించిన ఆత్మకథ ‘ఆడాడత ఆయుష్య’. ఆయన తల్లి కృష్ణాబాయి, కొడుకున్న పేద వితంతువు. నర్సు శిక్షణలో ఉండగా డాక్టర్ రఘునాథ్ కర్నాడ్‌తో పరిచయం. వితంతు వివాహానికి లోకం ఒప్పుకోక వారి పెళ్లి ఏళ్ల తరబడి ఆగింది, చివరికి ఆర్యసమాజ పద్ధతిలో జరిగింది. ఈ సంగతి రాయడంలో కర్నాడ్‌కు పెద్ద ఆసరా ఆవిడ రాతే. ముసలితనంలో ఆవిడ తన కథ తానే రాసిపెట్టుకున్నారు. కొడుకు తల్లి రహస్యం బయటపెట్టినట్టు కాకుండా, తల్లి చెప్పిన దానికి కొడుకు సాక్ష్యం చెప్పినట్టుంటుంది ఆ భాగం. పుస్తకం అంకితం డాక్టర్ మధుమాలతి గుణేకు. కర్నాడ్ కడుపులో ఉండగా వద్దనుకుని తల్లి పుణేలో ఆ డాక్టరు క్లినిక్‌కి వెళ్లారు. ఆ రోజు డాక్టరు రాలేదు. ఎదురుచూసి తిరిగొచ్చేశారు. భోజనాల దగ్గర తల్లి నోట యథాలాపంగా వచ్చిన ఈ మాటను ఆయన దాచలేదు, ఏడుపు కథ చేయనూ లేదు. ఎంత నిబ్బరం!

ఫ్రాన్సులో రచయిత్రి అనీ ఎర్నో సంగతి మరోలా ఉంది. తను పుట్టకముందే, 1938లో, ఆరేళ్ల అక్క డిఫ్తీరియాతో పోయింది. 1950లో తల్లి ఎవరితోనో చెబుతుంటే చాటుగా విన్నదే తప్ప తల్లిదండ్రులు ఆమెతో ఎన్నడూ అనలేదు, ఆమే అడగలేదు. వాళ్లిద్దరూ పోయాక చాలా ఏళ్లకు, 2011లో, ఆ అక్కకు ఉత్తరంగా ఒక చిన్న పుస్తకం రాసింది.

మనకు కొండపల్లి కోటేశ్వరమ్మ ఉదాహరణ ఉంది. బాలవితంతువు, ఉద్యమకారిణి, మళ్లీ పెళ్లాడిన భర్త విడిచి వెళ్లాక చదువుకుని కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా బతికిన మనిషి. ఆవిడ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చేనాటికి ఆవిడకు తొంభై దాటాయి. మనవలు రాసే వ్యాసంలో ఒక పాత్రగా మిగిలిపోకుండా తన మాట తానే చెప్పుకున్నారు.

ఆ అవకాశం దొరకనివాళ్లే ఎక్కువ. అందుకే మధ్యాహ్నం గోష్ఠిలో వ్యాసాలు చదవబోయేవారికి అధ్యక్షస్థానం నుంచి ఒక విన్నపం. ఇంట్లో ఎనభై దాటినవారు ఎవరున్నా, అచ్చుకు పంపే ముందు వారి పక్కన కూర్చుని వ్యాసం చదివి వినిపించాలి. వారు కాదన్నచోట ఆ కాదనడం కూడా వ్యాసంలోకి రావాలి. వద్దని బతిమాలితే అచ్చు ఆపుకోవచ్చు, రాయడం ఆపక్కర్లేదు. ఇక మొదటి వ్యాసకర్త వేదిక మీదికి రావలసిందిగా కోరడమైనది.