బొంత, కంచర గాడిద, మనం రాసే జాబితా

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు మీద మాట్లాడమని నన్ను పిలిచారు. భూమి, ఇల్లు, పట్టా, వాటా – వీటి గురించి మీకు తెలియనిది నేను కొత్తగా చెప్పగలిగేది కొంచెమే. అందుకని ఇవాళ పట్టాల్లోకీ వాటాల్లోకీ ఎక్కని వాటి గురించి మాట్లాడతాను. ఒక పాత బొంత. పొద్దుగూకే వేళ ఒక జంతువు వీపు మీద కూర్చుని పొలం నుంచి ఇంటికి రావడం. ఇవీ హక్కుల సభలో చెప్పుకునే సంగతులేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. చెప్పుకోవలసినవేననీ, చెప్పుకోకపోవడం వల్ల మన స్త్రీలు నష్టపోతున్నారనీ నా అభిప్రాయం.

ముందుగా మన దేశం కాని ఒక ఊరి గురించి చెబుతాను. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, నది మూడు వైపులా చుట్టి పారే ఒక వంపులో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి వాళ్ళు నల్లజాతి రైతులు. ఒకప్పుడు బానిసలుగా పత్తి పండించినవాళ్ళ వారసులు. చాలామంది ఇంటిపేరు పెట్‌వే. అది వాళ్ళ పూర్వీకులను సొంతం చేసుకున్న భూస్వామి ఇంటిపేరు. బానిసత్వం పోయాక కూడా భూమి వాళ్ళది కాలేదు, కౌలుకు చేసుకున్నారు.

ఆ ప్రాంతంలో దుక్కి దున్నేది ఎద్దు కాదు, కంచర గాడిద. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టే జంతువు అది. గుర్రం కంటే తక్కువ మేతతో బతుకుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది. విముక్తి పొందిన బానిసలకు నలభై ఎకరాలూ ఒక కంచర గాడిదా అనే మాట అమెరికాలో నేటికీ వినిపిస్తుంది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఇచ్చిన ఉత్తర్వు నుంచి పుట్టిన మాట అది. సముద్ర తీరం వెంట నలభై ఎకరాల చొప్పున భూమి పంచమని ఆ ఉత్తర్వు. అదే సంవత్సరం ఆండ్రూ జాన్సన్ అధ్యక్షుడయ్యాక ఆ భూమిలో ఎక్కువ భాగం పాత యజమానులకే తిరిగి వెళ్ళిపోయింది. మాట మాత్రం మిగిలింది.

కంచర గాడిద అంటే ఆ రైతులకు పని మాత్రమే కాదు. నాగలి విప్పాక దాని వీపెక్కి ఇంటికి రావడం, పిల్లలు ముందొకరు వెనకొకరు కూర్చోవడం అక్కడి పొలాల్లో మామూలు సంగతి. రోజంతా నేల మీద వంగి పనిచేసిన మనిషికి ఆ కాసేపు నడుము నిటారుగా పెట్టుకుని చుట్టూ చూసే అవకాశం. దానికి ఖర్చు లేదు.

ఇది మనకూ తెలియని ఆనందం కాదు. మా ఊళ్ళో మేం బర్రె వీపెక్కి చెరువుకు పోయేవాళ్ళం. తడిసిన బర్రె వీపు మీద పట్టు తప్పకుండా కూర్చోవడం ఒక విద్య. నాకు పన్నెండేళ్ళు నిండగానే మా నాయనమ్మ "ఆడపిల్లవి, ఇక దిగవే" అంది. మా తమ్ముణ్ణి ఎవరూ దిగమనలేదు. కూలి రేటులోనే కాదు, ఇలాంటి చిన్న సంతోషాల్లో కూడా ఆడా మగా తేడా ఉంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు తొక్కడం నేర్చుకున్నారు. సైకిలు వల్ల సమయం కలిసొచ్చింది, పని తేలికైంది. అంతకుమించి, ఒకరిని అడగకుండా వెళ్ళగలగడంలోని సంతోషాన్ని వాళ్ళు రుచి చూశారు.

మళ్ళీ జీస్ బెండ్‌కు వద్దాం. అక్కడి రైతులు పక్క పట్టణంలోని ఒక వ్యాపారి దగ్గర అప్పు మీద సరుకులు తెచ్చుకునేవారు. పత్తి ధర పడిపోయింది. ఆ వ్యాపారి చనిపోయాడు. 1932లో అతని భార్య బాకీలన్నీ ఒక్కసారిగా కట్టమంది. దాదాపు 60 కుటుంబాల నుంచి కంచర గాడిదలు, ఆవులు, పనిముట్లు, నిల్వ చేసుకున్న తిండి గింజలు సైతం తోలుకుపోయారు, మోసుకుపోయారు. ఆ చలికాలం ఊరు ఆకలితో అల్లాడింది. రెడ్‌క్రాస్ ఇచ్చిన తిండితో బతికింది. స్త్రీ అయినంత మాత్రాన అప్పులవాళ్ళు స్త్రీల పక్షం వహించరని కూడా ఈ సంఘటన చెబుతుంది.

ఆ ఇళ్ళలో చలికి కప్పుకునేది బొంతలే. చిరిగిన పని బట్టలు, పిండి సంచుల గుడ్డలు కలిపి ఆడవాళ్ళు కుట్టుకునేవారు. 1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆమె భర్త చనిపోయాడు. ఆయన పొలంలో తొడిగిన బట్టలన్నీ తీసి, కూతురు అర్లోంజియాను సాయం పెట్టుకుని, ఆయన జ్ఞాపకంగా ఒక బొంత కుట్టింది. మోకాళ్ళ దగ్గర అరిగి వెలిసిన రంగులు అందులో అలాగే కనిపిస్తాయి. ఆమె దగ్గర ఆయన ఫొటో కంటే, ఉంగరం కంటే ఎక్కువైన గుర్తు అది.

1937 తర్వాత ప్రభుత్వం అక్కడి భూమి కొని ఆ కుటుంబాలకే అప్పు మీద అమ్మింది, ఇళ్ళు కట్టించింది. సొంత భూమి, సొంత ఇల్లు ఉన్నందువల్లే 1965లో ఓటు హక్కు కోసం ఉద్యమించినప్పుడు, ఇతర చోట్ల కౌలుదార్లను వెళ్ళగొట్టినట్టు వాళ్ళలో ఎక్కువమందిని వెళ్ళగొట్టలేకపోయారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు బొంతల సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్‌లోని కళా ప్రదర్శనశాల గోడల మీదికి ఎక్కాయి. కానీ ప్రదర్శనశాలకు ఎక్కకముందు కూడా వాటికి విలువ ఉంది. నేను చెప్పదలచుకున్నది ఆ విలువ గురించే.

ఇప్పుడు మన పని దగ్గరికి వద్దాం. అత్తవారింటి నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన స్త్రీ కోసం మనం జాబితా రాస్తాం. బంగారం ఇన్ని తులాలు, మంచం, బీరువా, ఇత్తడి బిందెలు. పక్కన విలువ వేస్తాం. విలువ వేయలేనిది జాబితాలోకి రాదు. ఒక కేసులో అంతా రాశాక, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడిగాను. ఆమె చాలాసేపు ఊరుకుని, "మా అమ్మ బొంత ఉందక్కా" అంది. కాన్పుకు పుట్టింటికి వెళ్ళినప్పుడు తల్లి తన రెండు పాత చీరలు కలిపి కుట్టి ఇచ్చింది. ఆ తల్లి ఇప్పుడు లేదు. జాబితాలో చేర్చాం. "పాత గుడ్డల కోసం కోర్టుకా" అని అవతలివాళ్ళు నవ్వారు. బంగారం సంగతి ఇంకా తేలలేదు గానీ, మూడో వాయిదాకు బొంత వచ్చింది. ఆమె దాన్ని అక్కడే విప్పి, వాసన చూసి, మడిచి చంకన పెట్టుకుంది.

చట్టం దీన్ని గుడ్డపేలిక అనదు. పెళ్ళికి ముందూ, పెళ్ళప్పుడూ, తర్వాతా పుట్టింటివారు ఆమెకిచ్చిన వస్తువు స్త్రీధనం. అది పూర్తిగా ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్త్రీధనాన్నీ, ఆమె ఇతర వస్తువులనూ తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఇంత విలువకు పైబడి ఉండాలనే నిబంధన ఏదీ అందులో లేదు.

అప్పుల విషయంలోనూ అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చదవండి. బాకీ కోసం కోర్టు జప్తు చేయించినా కొన్నింటిని ముట్టకూడదు. కుటుంబానికి అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలు, రైతు వ్యవసాయ పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు. అంటే బొంతా, అరక కట్టే పశువూ రెండూ ఆ సెక్షన్‌లో ఉన్నాయి. కోర్టు ఉత్తర్వు కూడా లేకుండా ఇంటికొచ్చి, తాకట్టు పెట్టని గిన్నె ఎత్తుకుపోయే అధికారం ఏ వసూలు ఏజెంటుకూ లేదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వేధింపులు భరించలేని స్థాయికి వెళ్ళి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి మీకు నేను చేసే విజ్ఞప్తి చిన్నది. జాబితా రాసేటప్పుడు వస్తువు పేరు, విలువ అన్న రెండు గడుల పక్కన మూడో గడి గీయండి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఆమెకు అది ఎందుకు కావాలి అని అందులో రాయండి. రాసే ముందు తొందరపెట్టకుండా అడగండి. అడిగి కాసేపు ఆగండి. కడుపు నిండితే చాలు, పేద స్త్రీకి మురిపెం దేనికి అనే మాట మనకు చాలా పాతది. మన జాబితాల్లో ఆ మాటకు చోటివ్వకండి. సంతకం పెట్టించే ముందు మరొక్కసారి, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడగండి.