‘మందు’ ఏది? విషం ఏది?
(ప్రసంగ పాఠం)



ఈ రోజు ఒక్క మాట గురించే మాట్లాడతాను. అది ‘మందు’. జ్వరానికి వేసుకునేది మందు. తుపాకిలో కూరేదీ మందే. సీసాలో పోసి అమ్మేదీ మందే. మన ఊళ్లలో యూరియా బస్తా కూడా మందు బస్తానే. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలల్లోకి పోతే మందు అంటే ముందు పురుగుమందే. ‘మందు కొట్టాడు’ అంటే చేను మీద కొట్టాడో, గొంతులో పోసుకున్నాడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

1987-88లో ఆ రెండు జిల్లాల పత్తిని తెల్లదోమ పట్టింది. కాయతొలుచు పురుగు కోసం సింథటిక్ పైరిత్రాయిడ్లు మళ్లీ మళ్లీ కొట్టారు. దోమను తినే మిత్రపురుగులు చచ్చాయి. దోమ బతికింది, కొట్టినకొద్దీ పెరిగింది. రోగాన్ని పెంచిన దాన్ని కూడా మనం మందే అన్నాం! ఏ డబ్బా కొట్టాలో చెప్పింది ఎవరు? విత్తనం, మందు అప్పిచ్చిన దుకాణదారే. పంట పోయింది, అప్పు మిగిలింది. పదుల సంఖ్యలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లకు, 1997-98లో, పురుగు మారింది గానీ అదే కథ మన వరంగల్లుకు వచ్చింది.

మన కొట్లాట పాలకులతోనే గానీ గుంటూరు రైతుతో ఏనాడూ కాదు. 2014 జూన్ 2న రాష్ట్రాలు వేరయ్యాయి. ఈ మాట మాత్రం రెండు దిక్కులా ఒక్కటే.

ఈ మాట చేసే అన్యాయం చూడండి. అక్కడ ‘మందు తాగాడు’ అంటారు, ఇక్కడ ‘మందు తాగిండు’ అంటారు. 2004 నాటి జీవో 421 ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి కలిసి విచారించాలన్నది. భర్తను పోగొట్టుకున్న ఆడబిడ్డకు అలాంటి విచారణలో ఎదురయ్యే ప్రశ్న ఏమిటి? ‘మీ ఆయనకు మందు అలవాటుందా?’ ఆమె అవునంటే అప్పుల చావు కాస్తా తాగుబోతు చావు అవుతుంది. ఒక్క మాటతో దుకాణం ఖాతా మాయం, కుటుంబానికి రావాల్సిన పరిహారం మాయం!

1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద వచ్చిన నియమాలు, అతి ప్రమాదకరమైన డబ్బా మీద ఎర్ర రంగు, పుర్రె బొమ్మ, విషమన్న హెచ్చరిక ఉండాలన్నాయి. చట్టానికి విషమైంది మనకు మందు ఎట్లా అయింది? ప్రకాశం పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాను సారా అనే పిలిచి తరిమారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

కాబట్టి నేను కోరేది రెండే. చేను మీద కొట్టేదాన్ని విషం అనే పిలుద్దాం. రైతు చనిపోయిన ఇంట్లో పంచనామా రాసేటప్పుడు ‘మందు’ అని రాస్తే ఊరుకోవద్దు. డబ్బా పేరు రాయించండి, అప్పు లెక్క రాయించండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

జై తెలంగాణ! జై కిసాన్!